పాత ఇంగ్లీషు మాటలు – మన తెలుగు అర్థములు



శతవార్షికోత్సవ సందర్భమున పెద్ద పెద్ద సంగతులు చెప్పువారు అనేకులున్నారు. గుడులు కట్టిన చరిత్ర, బడులు పెట్టిన చరిత్ర, సువార్త మోసిన పాదముల చరిత్ర వారు చెప్పుదురు. మాకు అప్పగింపబడిన అంశము చిన్నది. మన పాత బైబిళ్లలోను, ప్రార్థన పుస్తకములలోను, గుడి రిజిస్టర్లలోను కనబడు పాత ఇంగ్లీషు మాటలు, వాటి అర్థములు. ఇది పండితుల విషయమని తోచవచ్చును. కాని ఈ మాటలను సరిగా తెలిసికొనకపోవుటచేత దుఃఖములోనున్న వారిని కూడ గాయపరచగలమని మా స్వంత అనుభవము వలన నేర్చుకొంటిమి. అందుచేత చెప్ప సాహసించుచున్నాము.

మన ప్రాంతమునకు ఇంగ్లీషు రెండు ద్వారములలో వచ్చెను. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు, గిద్దలూరు వైపున ఇంగ్లండు నుండి వచ్చిన ఎస్.పి.జి. మిషనువారు పనిచేసిరి. కంభము, మార్కాపురము వైపునకు ఒంగోలు మీదుగా అమెరికను బాప్తిస్టు మిషనువారు వచ్చిరి. ఆ కాలమున గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినవి. 1972లో దానికి ప్రకాశమని పేరు పెట్టిరి. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో మన పితరులు పడిన బాధ మీరెరుగుదురు. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మన కంభము చెరువు నింపు ఏరే ఆ గుండ్లకమ్మ. ఆ పితరులకు ఇంగ్లీషు రాదు. అనేకులకు తెలుగు అక్షరములును రావు. వారు విన్నది తెలుగు వాక్యమే. ఈ సంగతి మనస్సులో ఉంచుకొనుడి. దీనికే తిరిగి వచ్చెదము.

మాటల అర్థము మారుట ఇంగ్లీషుకు మాత్రమే వచ్చిన జబ్బు కాదు. మన తెలుగులోనే చూడుడి. పూర్వము చీర అనగా ఏ వస్త్రమైనను చీరయే; మగవారు కట్టినదియు చీరయే. నేడు అది స్త్రీలకే మిగిలినది. పూర్వ కవులు కంపు అనిన సువాసన అని అర్థము. నేడు పెండ్లి ఇంటికి పోయి "అమ్మా, మీ మల్లెపూలు మంచి కంపు" అనినచో అన్నము పెట్టకయే పంపుదురు. మాట మారలేదు, దాని క్రింది అర్థము జరిగిపోయినది. ఇంగ్లీషులో 1611లో అచ్చయిన జేమ్సు రాజు కాలపు బైబిలుకు నాలుగు వందల సంవత్సరములు దాటినవి. అందలి మాటలు కొన్ని అట్లే జరిగిపోయినవి. బొత్తిగా తెలియని మాట వలన భయము లేదు. తెలియలేదు గనుక అడిగెదము. తెలిసినట్లే కనబడు పాత మాట వలననే మోసము.

ఇక మా అనుభవము. మేము కాలేజీలో చదువుకొను దినములలో మా చిన్నాయన చనిపోయెను. గిద్దలూరు దగ్గర పల్లెలో మా ఇల్లు. మట్టి చేసి వచ్చిన మరునాడు మా అవ్వ పంచలో కూర్చుండగా, ఆమెను ఓదార్చవలెనని మేము మా క్రొత్త ఇంగ్లీషు బైబిలు తెచ్చితిమి. థెస్సలొనీకయులకు వ్రాసిన మొదటి పత్రిక నాల్గవ అధ్యాయము, పదునైదవ వచనము చదివితిమి. అక్కడ ప్రివెంట్ అను మాట ఉన్నది. ప్రివెంట్ అనగా ఆపుట అని మాకు తెలియును గదా! "అవ్వా, ప్రభువు వచ్చునప్పుడు బ్రదికియున్నవారు చనిపోయినవారిని ఆపలేరని దీని అర్థము" అని గొప్పగా చెప్పితిమి.

మా అవ్వకు చదువు రాదు. బైబిలు స్త్రీలు నోటితో చెప్పగా నేర్చుకొన్న వాక్యములే ఆమె ఆస్తి. ఆమె మా ముఖము చూచి, "ఆపేదేంది నాయనా? కొడుకుని తల్లి ఎందుకు ఆపుతాది? మన పుస్తకంలో ముందు అనే మాట గదా ఉండేది. బతికుండేటోళ్లం సచ్చిపోయినోళ్ల కంటే ముందు పోమని. ఈడ వాడు నాకంటే ముందు పాయె. ఆడ గూడా నేను వాణ్ణి దాటుకొని పోను, వాడే ముందు లేస్తాడు. ఆ మాట పట్టుకొనే నేను కూచోనుండా" అనినది.

మేము మాటలాడలేకపోతిమి. మా చదువుమీద మాకున్న నమ్మకము చేత ఆమె పట్టుకొన్న ఒక్క ఊతకర్రను లాగివేయబోతిమి. తరువాత నిఘంటువు చూచితిమి. ప్రివెంట్ అను మాట లాటిను భాషలో ముందు, వచ్చుట అను రెండు మాటల కూర్పు. 1611లో దానికి ముందుగా వెళ్లుట అనియే అర్థము. 119వ కీర్తన 147వ వచనములో భక్తుడు తెల్లవారకమునుపే లేచితినని చెప్పుచోటను పాత ఇంగ్లీషులో ఇదే మాట ఉన్నది. సూర్యోదయమును ఎవరును ఆపలేరు గదా! మరి ముందు వచ్చుట ఆపుటగా ఎట్లు మారెను? కంభములో బస్సు ఎక్కి చూడుడి. ముందుగా వచ్చినవాడు సీటుమీద తువాలు వేయును. వెనుక వచ్చినవానికి అడ్డము పడినది. ముందు వచ్చినవాడు అడ్డగించువాడాయెను. మాట ఆ దారినే నడిచినది. కాని మా అవ్వ చెప్పినదే సరియైన అర్థము. ఇంగ్లీషు రాని ఆమెకు తెలిసినది, ఇంగ్లీషు వచ్చిన మాకు తెలియలేదు.

ఇటువంటి మాటలు మరికొన్ని చెప్పెదము. ఇంటికి పోయి మీ బైబిళ్లలో చూచుకొనుడి.

సఫర్ అను మాట మత్తయి 19వ అధ్యాయము 14వ వచనములో ఉన్నది. ఇంగ్లీషు మీడియములో చదువు ఒక చిన్నది సండే స్కూలులో మమ్మును అడిగెను: "తాతయ్యా, యేసయ్య పిల్లలను ఎందుకు కష్టపెట్టమన్నాడు?" నేడు సఫర్ అనగా బాధపడుట. ఆనాడు సహించుట, సమ్మతించుట అను అర్థములును ఉండెను. అక్కడ చెప్పినది పిల్లలను రానియ్యుడని. ఆ బిడ్డ అడిగెను గనుక సరిపోయెను. అడుగక లోపల పెట్టుకొన్న బిడ్డలు ఎందరో!

లెట్ అనగా నేడు అనుమతించుట. కాని రోమీయులకు వ్రాసిన పత్రిక 1:13లోను, రెండవ థెస్సలొనీకయులు 2:7లోను దానికి అడ్డగించుట అని అర్థము. సరిగా తలక్రిందులు! పూర్వపు ఇంగ్లీషులో ఇవి రెండు వేరు వేరు మాటలు. కాలక్రమమున ఒకే రూపములోనికి వచ్చినవి; అడ్డగించు లెట్ దాదాపుగా చనిపోయినది. పూర్తిగా కాదు. మన పిల్లలు ఉద్యోగములకు విదేశములకు పోవుచున్నారు గదా, వారి పాస్‌పోర్టు మొదటి పుటను చదువుడి. ఏ లెట్టును లేకుండ పోనియ్యవలసినదని రాష్ట్రపతి పేరిట కోరబడియుండును. అక్కడ లెట్ అనగా ఆటంకమే.

కాన్వర్సేషన్ అనగా నేడు సంభాషణ. మొదటి పేతురు 3:1లో భార్యలు మాట లేకుండనే కాన్వర్సేషన్ చేత భర్తలను రాబట్టవచ్చునని పాత ఇంగ్లీషు చెప్పుచున్నది. మాట లేకుండ సంభాషణ ఎట్లు? మన తెలుగు బైబిలు తెరువుడి. అక్కడ నడవడి అని ఉన్నది. చిక్కు విడిపోయినది. పాత కాలపు కాన్వర్సేషన్ అనగా జీవించు విధమే.

ఛారిటీ అనగా నేడు బీదలకిచ్చు ధర్మము. మొదటి కొరింథీయులు 13వ అధ్యాయములో ఆ మాట పలుమారులు వచ్చును. మూడవ వచనములోనైతే, బీదలకు ఆస్తి యావత్తు పెట్టినను ఛారిటీ లేనియెడల ప్రయోజనము లేదని అర్థమిచ్చును. ధర్మము చేసినవానికి ధర్మము లేదనుట ఎట్లు? లాటిను కారిటాస్ నుండి వచ్చిన ఆ మాటకు ఆనాడు ప్రేమ అని అర్థము. మన తెలుగులో ప్రేమ అనియే ఉన్నది. కానుక పెట్టెలో వేసి, ప్రక్క ఇంటివానితో మాటలాడని మన వంటివారిని ఆ వచనము గద్దించుచున్నది. మాట అర్థము తప్పినచో గద్దింపు మనకు తగులకయే పోవును.

కేర్‌ఫుల్ అనగా నేడు జాగ్రత్తగల. ఫిలిప్పీయులు 4:6లో దేనికిని కేర్‌ఫుల్‌గా ఉండవద్దని పాత ఇంగ్లీషున్నది. అజాగ్రత్తగా ఉండుడని అపొస్తలుడు చెప్పెనా? కాదు; చింతపడవద్దని చెప్పెను. కేర్ అనగా ఆనాడు మనస్సును తినివేయు దిగులు. వాన రాని సంవత్సరములలో బోర్లు ఎండిపోయి, అప్పుల వలన నిద్రపట్టని రైతుకు జాగ్రత్త మానుకొమ్మని చెప్పుట వేరు, చింత దేవునియొద్ద దించుమని చెప్పుట వేరు. పడమటి ప్రాంతపు రైతులకు ఈ భేదము విప్పి చెప్పనక్కరలేదు.

మీట్ అనగా నేడు మాంసము. ఆనాడు ఏ ఆహారమైనను మీట్. లేవీయకాండము రెండవ అధ్యాయములోని అర్పణకు ఆ పేరే ఉన్నది. కాని అందులో గోధుమపిండి, నూనె, సాంబ్రాణియే తప్ప మాంసపు ముక్కయే లేదు. తెలుగులో నైవేద్యము అనిరి. కార్న్ అనునదియు అంతే. ఇంగ్లండు దొరగారికి కార్న్ అనగా ధాన్యము. అమెరికా దొరగారికి మొక్కజొన్న. శిష్యులు వెన్నులు త్రుంచినది మొక్కజొన్న చేలో కాదు. ఆ పంట అమెరికా ఖండమునుండి మిగిలిన లోకమునకు వచ్చినది 1492 తరువాతనే. గిద్దలూరు మిషను, మార్కాపురము మిషను ఒకే మాటను రెండు విధములుగా పలికి ఉండవచ్చును. మన పితరులు మాత్రము తమ జొన్నచేను, కొర్రచేను తలంచుకొని సరిగానే గ్రహించిరి.

ఇంతవరకు విని పాత ఇంగ్లీషును పారవేయవలెనని మేము చెప్పుచున్నామని అనుకొనవద్దు. దౌ, దీ అను మాటలను గూర్చి వినుడి. దౌ అనునది మహా గౌరవపు మాట, దేవునికే తగినదని అనేకులు తలంచుదురు. అది తప్పు. దౌ అనగా మన నీవు. యీ, యూ అనునవి మీరు. ఇంగ్లీషువారు కాలక్రమమున అందరిని మీరు అనుట నేర్చుకొని నీవు అను మాటనే పోగొట్టుకొనిరి. గుడిలో మాత్రము మిగిలినందున అది గౌరవపు మాటవలె కనబడుచున్నది. నిజమునకు అది బిడ్డ తండ్రిని పిలుచు చనువు. మన తెలుగు ప్రార్థనలలో ఆ చనువు ఎన్నడును పోలేదు. కలెక్టరుగారిని మీరు అందుము, అయ్యగారిని మీరు అందుము, దేవుని మాత్రము నీవు అందుము. ఎంత ధన్యత!

దీనివలన మరియొక మేలున్నది. లూకా 22వ అధ్యాయము 31, 32 వచనములలో సాతాను జల్లించ కోరినది శిష్యులందరిని; ప్రభువు తాను ప్రార్థించితినని చెప్పినది పేతురు ఒక్కని కొరకు. పాత ఇంగ్లీషులో యూ, దీ అను రెండు మాటలచేత ఈ భేదము తెలియును. నేటి ఇంగ్లీషులో రెండు చోట్లను యూ అను ఒక్క మాటయే గనుక తెలియదు. మన తెలుగులో మిమ్మును, నీ అని స్పష్టముగా ఉన్నది. కాబట్టి పాత మాట కొన్నిచోట్ల క్రొత్త మాటకంటె మేలైనది. అర్థము తెలిసినవానికి మాత్రమే ఆ మేలు దక్కును.

ఇప్పుడు గుడి రిజిస్టర్లకు వచ్చెదము. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము ఉంచు పెండ్లి రిజిస్టరులో కండిషన్ అను గడి ఉన్నది. ఒక పెండ్లిలో వరుని తండ్రిని "కండిషన్ ఏమి వ్రాయమందురు?" అని అడుగగా, "దేవుని దయవల్ల ఆరోగ్యం బాగానే ఉండాది" అని చెప్పిరి. నిజమునకు అది ఒంటి సంగతి కాదు. పెండ్లికానివాడా, భార్య చనిపోయినవాడా అని తెలుపు గడి. కన్యకకు స్పిన్‌స్టర్ అని వ్రాయుదురు. ఆ మాటకు మొదటి అర్థము నూలు వడకు స్త్రీ. మన అవ్వలు రాట్నము త్రిప్పినవారే గదా! ఆ మాటలో మనకు సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

బాన్సు అను మాట మరియొకటి. ఆంగ్లికను పద్ధతిలో పెండ్లికి ముందు మూడు ఆదివారములు గుడిలో ప్రకటించుదురు. "మా పెండ్లిని బ్యాన్ చేసినారా?" అని భయపడిన పెండ్లికుమారుని మేమెరుగుదుము. రెండు మాటలకు మూలమొక్కటే, ప్రకటించుట. రాజు చేయవద్దని ప్రకటించినది బ్యాన్ ఆయెను. సంఘము పెండ్లిని ప్రకటించినది బాన్సుగా నిలిచెను.

1662 నాటి ప్రార్థన పుస్తకములోని పెండ్లి క్రమములో, ఉంగరము తొడుగునప్పుడు వరుడు వధువుతో వర్షిప్ అను మాట పలుకవలెను. భార్యను ఆరాధించుట విగ్రహారాధన కాదా? ఈ ప్రశ్నను ఇంగ్లండులోనే ప్యూరిటనులు వేసిరి. 1604లో హాంప్టన్ కోర్టులో జేమ్సు రాజు ఎదుట జరిగిన సభలో దీనిని గూర్చి వాదించిరి. 1611 బైబిలు తర్జుమాకు నిర్ణయమును ఆ సభలోనే జరిగెను. వర్షిప్ అనగా మొదట విలువగలదిగా ఎంచుట, ఘనపరచుట. భార్యను ఘనపరచెదనని వరుడు దేవుని ఎదుట ఒప్పుకొనుచున్నాడు. కట్నము తక్కువైనదని కోడలిని ఏడ్పించు ఇండ్లలో ఈ పాత మాట అర్థమును గోడమీద వ్రాసి పెట్టవలెను.

చివరగా, ఈ సంచికమీద కనబడు డయాసిస్, బిషప్ అను మాటలు. డయాసిస్ అనునది గ్రీకులో ఇంటి పరిపాలన అను భావమునుండి పుట్టి, రోమా ప్రభుత్వములో ఒక పరిపాలన భాగమునకు పేరాయెను. సంఘము దానిని తీసికొనెను. బిషప్ అనునది గ్రీకు ఎపిస్కొపొస్ అను మాట. పైనుండి కనిపెట్టి చూచువాడు అని అర్థము. మన పెద్దలు దానికి అధ్యక్షుడు అను మాట పెట్టిరి. అందులోను కన్ను ఉన్నది. నేడు అధ్యక్షుడనగా సభలో మధ్య కుర్చీలో కూర్చుండువాడని తలంచుచున్నాము. మాట మొదటి భావమున కుర్చీ లేదు. మందను చూచు కన్ను ఉన్నది. ఇది అధ్యక్షులకు మాత్రమే కాదు, కమిటీ పెద్దలకును, మనకందరికిని హెచ్చరికయే.

కాబట్టి మేము కోరునవి మూడు. మొదటిది, ఇంగ్లీషు బైబిలు చదువు పిల్లలు ప్రక్కన తెలుగు బైబిలు తెరచి ఉంచుకొనుడి. ఇంగ్లీషులో చిక్కుపడినచోట తెలుగు దారి చూపును. తెలుగు మాట పాతదై తెలియనిచోట నేటి ఇంగ్లీషు దారి చూపును. సుంకరి అనిన నేటి పిల్లలకు తెలియదు గదా! రెండవది, తెలియని మాటను అడుగుటకు సిగ్గుపడవద్దు. అడిగిన బిడ్డను పెద్దలు గద్దింపవద్దు. అర్థమడుగుట అవిశ్వాసము కాదు. మూడవది, చదువురాని మన పెద్దలు వాక్యమును ఎట్లు చెప్పుకొనిరో వారుండగానే విని వ్రాసి ఉంచుడి. రిజిస్టర్లలో వారి వ్రేలిముద్రలు మాత్రమే ఉన్నవి. వారి మాటలు ఏ రిజిస్టరులోను లేవు.

మన మార్కాపురము పలకను మీరందరు ఎరుగుదురు. మన కొండరాతిని పొరలుగా చీల్చి, చదును చేసి, చట్రము కట్టి బడులకు పంపిరి. స్లేటు అను ఇంగ్లీషు మాటకు మూలార్థమును చీలిక అనియే. ఎందరో బిడ్డలు దానిమీద అ ఆలు దిద్దుకొనిరి. ఒక తరము వ్రాసినది తుడిచి, మరియొక తరము వ్రాసెను. రాయి మాత్రము అదే రాయి. మాటలు పలకమీది వ్రాత వంటివి. అవి చెరిగిపోవును, మారిపోవును. మన పితరులకు ఆధారమైన సత్యము ఆ రాతి వంటిది. వ్రాత మసకబారినప్పుడు తిరిగి దిద్దుట మన తరము పని.

మా అవ్వ సమాధి మా చిన్నాయన సమాధి ప్రక్కనే ఉన్నది. ఆ దారిన పోవునప్పుడెల్ల ప్రివెంట్ అను మాట మాకు జ్ఞాపకము వచ్చును. ఇప్పుడు దానిని ఆమె చెప్పిన అర్థముతోనే చదువుకొనుచున్నాము.

 దేవుడు మన సంఘములను, మన గృహములను, మన బిడ్డల చదువులను ఆశీర్వదించును గాక. ఆమేన్.